మే నెల మార్కుల కన్నా అక్టోబర్ హాజరు ముఖ్యం

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఇల్లు వెతుకుతున్నప్పుడు ధర కన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుంది? వెబ్‌సైట్‌లో పదికి తొమ్మిది రేటింగ్ కనిపిస్తే మనసు కుదుటపడుతుంది. పిల్లలు బడిలో చేరాక మాత్రం, ఆ డిస్ట్రిక్ట్ తన బడులను ఎలా బాగుచేసుకుంటోందన్న సంగతి మనకు పెద్దగా పట్టదు. చాలా రాష్ట్రాల్లో డిస్ట్రిక్టులు మెరుగుదల ప్రణాళిక రాసి, బోర్డు సమావేశంలో ఆమోదించి, అందరూ చూసేలా పెట్టాలి. చదివేవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో రేటింగ్ కన్నా ఆ ప్రణాళికే ఎక్కువ చెబుతుంది. పోయినేడాది అనుకున్నవాటిలో ఏది పనిచేయలేదో, దాని బదులు ఇప్పుడేం చేస్తున్నారో అందులో రాశారా లేదా అన్నది చూస్తే చాలు. ఆ డిస్ట్రిక్ట్ నేర్చుకుంటోందో లేదో తెలిసిపోతుంది.

డిస్ట్రిక్ట్ అనగానే జిల్లా అనుకుంటాం కానీ ఇది అలాంటిది కాదు, ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ. అమెరికాలో సుమారు 13,000 ప్రభుత్వ స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. ఎక్కువచోట్ల ఓటర్లు ఎన్నుకున్న బోర్డు ఉంటుంది, ఆ బోర్డు బడులన్నిటి పాలన చూసే అధికారిని, అంటే సూపరింటెండెంట్‌ను, నియమిస్తుంది. బడ్జెట్ వాళ్ల చేతిలోనే ఉంటుంది, అందులో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుంది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో లక్షల మంది పిల్లలుంటారు. అలాస్కాలోని చుగాచ్ డిస్ట్రిక్ట్‌లోనైతే రెండొందల పైచిలుకు పిల్లలు 22,000 చదరపు మైళ్లలో విసిరేసినట్టున్న పల్లెల్లో చదువుకునేవారు. వయసును బట్టి పై తరగతికి పంపే పద్ధతి మానేసి, నేర్చుకున్నదాన్ని బట్టి పిల్లలు ముందుకెళ్లే ఏర్పాటు చేసుకున్న డిస్ట్రిక్ట్ అది. విద్యాసంస్థలకు బాల్డ్రిజ్ జాతీయ నాణ్యతా పురస్కారం తొలిసారి దక్కిన 2001లో విజేతల్లో ఆ చిన్న చుగాచ్ కూడా ఉంది. కాబట్టి ఇది డబ్బూ సిబ్బందీ దండిగా ఉన్నవాళ్లకే సాధ్యమయ్యే పని అనుకోనక్కర్లేదు.

ప్రణాళికలకు ఇంత ప్రాముఖ్యం ఎక్కువగా చట్టాల వల్ల వచ్చింది. 2002 జనవరిలో అమల్లోకి వచ్చిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం, 2013-14 విద్యా సంవత్సరానికల్లా ప్రతి విద్యార్థీ చదవడంలో, లెక్కల్లో నిర్ణీత స్థాయి అందుకోవాలని గడువు పెట్టింది. నూటికి నూరు మంది. ఆ చట్టం చేసిన ఒక మేలును నేను తక్కువ చేయను. నల్లజాతి పిల్లలు, పేద పిల్లలు, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు ఎలా చదువుతున్నారో విడివిడిగా చూపించక తప్పలేదు. అంతకుముందు సగటు మార్కు చాటున ఎందరో పిల్లలు కనబడకుండా పోయేవారు. కానీ ఏటేటా పెరిగే లక్ష్యం, అందుకోకపోతే శిక్ష అన్న ఏర్పాటు బడుల్లో భయాన్ని తెచ్చిపెట్టింది.

ఆ భయం మనుషుల చేత ఏం చేయించగలదో అట్లాంటాలో బయటపడింది. నమ్మశక్యం కానంతగా మార్కులు పెరిగాయని స్థానిక దినపత్రిక రాశాక, జార్జియా రాష్ట్రం దర్యాప్తు చేయించింది. 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లకు 2009 పరీక్షల మోసంలో పాత్ర ఉందని 2011లో నివేదిక వచ్చింది. పిల్లలు తప్పుగా గుర్తుపెట్టిన జవాబులను పెద్దలు చెరిపి దిద్దారు. 2015లో 11 మందిని జ్యూరీ దోషులుగా తేల్చింది. కోర్టు శిక్షల కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇంకొకటుంది. చదవడం రాని పిల్లవాడి కాగితం మీద 'వచ్చు' అని తేలేసరికి, వాడికి అందాల్సిన అదనపు సాయం ఆగిపోయింది. లెక్క తప్పుగా ఉంటే మందు కూడా అందదు.

2015 డిసెంబర్‌లో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం కొంత పట్టు సడలించింది. పేద పిల్లల కోసం కేంద్ర నిధులు అందుకునే బడుల్లో అట్టడుగు 5 శాతాన్ని, మూడింట ఒక వంతుకు పైగా పిల్లలు గ్రాడ్యుయేషన్ దాకా, అంటే హైస్కూల్ చదువు పూర్తయ్యేదాకా, రాని హైస్కూళ్లను గుర్తించి, వాటికి ఆధారాలున్న పద్ధతులతో ప్రణాళిక వేయాలని చెప్పింది. మార్కులు కాకుండా కనీసం మరో కొలమానం పెట్టమంది. చాలా రాష్ట్రాలు దానికి దీర్ఘకాలిక గైర్హాజరును ఎంచుకున్నాయి, అంటే బడి నడిచే రోజుల్లో పదో వంతు రాకపోవడం. ఏడాదికి 180 రోజులనుకుంటే 18 రోజులు. ఇది సరైన దిశలో పడిన అడుగు. మార్కు ఏడాది చివర్లో తెలుస్తుంది. హాజరు ఏ రోజుకారోజే తెలుస్తుంది.

నిరంతర మెరుగుదల అన్న ఆలోచన మొదట ఫ్యాక్టరీల్లో పుట్టింది. అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ షూహార్ట్ మొదలుపెట్టిన పద్ధతిని గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ ముందుకు తీసుకెళ్లాడు, 1950లో జపాన్ ఇంజనీర్లకు పాఠాలు చెప్పాడు. ఒక మార్పు అనుకోవడం, దాన్ని చిన్నగా చేసి చూడటం, ఏం జరిగిందో పరిశీలించడం, దాన్ని బట్టి సరిదిద్దుకుని మళ్లీ చేయడం. పద్ధతి మొత్తం ఇంతే. పిల్లలు ఫ్యాక్టరీ సరుకా అని అడిగే టీచర్లున్నారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే అంకెల కోటాలు పెట్టి మనుషులను తరమొద్దని, పనిచేసేచోట భయం ఉండకూడదని గట్టిగా చెప్పినవాడు కూడా డెమింగే. బడులు ఆయన దగ్గర్నుంచి కొలవడం తెచ్చుకున్నాయి, భయం తీసేయడం తెచ్చుకోలేదు.

సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చెప్పాలంటే నేను షికాగోనే చూపిస్తాను. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు ఏళ్ల తరబడి ఆ నగర ప్రభుత్వ బడుల రికార్డులు చదివారు. ఎవరు హైస్కూల్ పూర్తి చేస్తారు, ఎవరు మధ్యలో మానేస్తారు అన్నది ముందే చెప్పగలమా అన్నది వాళ్ల ప్రశ్న. 2005లో వాళ్లిచ్చిన జవాబు చాలా మామూలుగా వినిపిస్తుంది. తొమ్మిదో తరగతి పూర్తయ్యేసరికి పై తరగతికి సరిపడా క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) తెచ్చుకుని, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టర్‌కు మించి ఫెయిల్ కాని విద్యార్థిని 'ఆన్ ట్రాక్' అన్నారు. అలాంటి పిల్లలు నాలుగేళ్లలో గ్రాడ్యుయేట్ అయ్యే అవకాశం మిగతావారి కన్నా మూడున్నర రెట్లు ఎక్కువ. ఎనిమిదో తరగతిలో ఎంత తెలివైనవాడనిపించుకున్నా, తొమ్మిదిలో క్లాసులు ఎగ్గొడితే జారిపోతున్నాడు. అంతకుముందు అంతంతమాత్రం మార్కులు తెచ్చుకున్న పిల్ల రోజూ బడికొస్తే నెగ్గుకొస్తోంది. తొమ్మిదిలో ఎవరు ఫెయిల్ అవుతారన్నది చెప్పడంలో పాత పరీక్ష మార్కుల కన్నా హాజరు ఎన్నో రెట్లు నమ్మదగిన సూచన అని రెండేళ్ల తర్వాత మరో నివేదిక చూపింది.

ఇంతవరకూ అది పరిశోధన. డిస్ట్రిక్ట్ దాన్ని పనిలోకి తెచ్చిన తీరు నాకు ఇంకా నచ్చుతుంది. హైస్కూల్‌లో అడుగుపెట్టబోయే పిల్లల్లో ఎవరి మీద ముందునుంచే కన్నేసి ఉంచాలో బడికి ఒక జాబితా వెళ్లేది. ఏడాది నడుస్తుండగానే ఎవరికి ఏ సబ్జెక్టులో ఎఫ్, అంటే ఫెయిల్ గ్రేడ్, వచ్చేలా ఉందో, ఎవరు ఎన్ని రోజులు రాలేదో చూపే రిపోర్టులు టీచర్ల చేతికి వచ్చేవి. తొమ్మిదో తరగతి టీచర్లు కలిసి కూర్చుని ఒక్కో పేరు తీసుకుని మాట్లాడుకునేవారు. ఒక్క పిల్లవాడికి ఒక బడిలో చేసే సాయం మరో బడిలో వేరుగా ఉండొచ్చు. కొన్నిచోట్ల ఒక టీచర్‌కు కొందరు పిల్లల బాధ్యత, కొన్నిచోట్ల బడి తర్వాత ట్యూటరింగ్, కొన్నిచోట్ల ఇంటికి ఫోన్. కొలిచేది మాత్రం అందరూ ఒకటే. 2007లో 57 శాతంగా ఉన్న ఆన్ ట్రాక్ విద్యార్థులు 2013కల్లా 82 శాతానికి చేరారు. ఆ తర్వాత గ్రాడ్యుయేషన్ కూడా పెరిగింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, వచ్చింది కూడా. అట్లాంటాలో జవాబులు దిద్దినట్టు ఇక్కడ ఎఫ్‌లను గట్టెక్కించే 'డి' గ్రేడ్లుగా మార్చి పైకి నెట్టేశారా? అదే పరిశోధకులు ముందుగా మెరుగుపడిన హైస్కూళ్లను తీసుకుని చూశారు. ఆ పిల్లలు పదిలో, పదకొండులో కూడా నిలబడ్డారు. ఇదివరకైతే బడి మానేసేవాళ్లు కూడా పదకొండో తరగతి దాకా వచ్చి పరీక్ష రాస్తున్నా, కాలేజీ ప్రవేశాలకు రాసే ఆ ఏసీటీ పరీక్షలో సగటు పెద్దగా తగ్గలేదు. అట్లాంటాకూ షికాగోకూ తేడా ఎక్కడుందంటే, ఒకచోట అంకె తీర్పులా వచ్చి నెత్తిన పడేది. రెండోచోట ఏడాది మధ్యలో, ఇంకా చేయగలిగింది ఉండగానే, ఒక పిల్లవాడి పేరుతో కలిసి వచ్చేది. షికాగో బడుల కష్టాలన్నీ తీరిపోయాయని నేను అనడం లేదు, డబ్బు కొరత, బడుల మూసివేత లాంటి గొడవలు ఆ నగరానికి చాలానే ఉన్నాయి. ఈ ఒక్క పని మాత్రం బాగా జరిగింది.

చిన్నగా చేసి చూడటాన్ని దాటేస్తే ఏమవుతుందో కాలిఫోర్నియా చెబుతుంది. 1980ల చివర్లో టెనెసీలో 79 బడుల్లో జాగ్రత్తగా చేసిన ప్రయోగం, కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా తరగతి గదిలో పిల్లల సంఖ్య తగ్గిస్తే చదువు మెరుగవుతుందని, పేద పిల్లలకు మరింత లాభమని తేల్చింది. 1996లో కాలిఫోర్నియా ఆ మాట పట్టుకుని, చిన్న తరగతుల్లో గదికి 20 మందికి మించకుండా చేస్తే డబ్బిస్తామని రాష్ట్రమంతటా ఒక్కసారిగా మొదలుపెట్టింది. ఖర్చు ఏటా వంద కోట్ల డాలర్లు దాటింది. ఉన్నపళాన వేలమంది టీచర్లు కావాలి. బాగా ఉన్న డిస్ట్రిక్టుల్లో కొత్త ఉద్యోగాలు రాగానే పేద డిస్ట్రిక్టుల్లోని అనుభవజ్ఞులు అటు వెళ్లిపోయారు, వాళ్ల స్థానంలో పూర్తి అర్హత లేనివాళ్లను తీసుకోవాల్సి వచ్చింది. టెనెసీ ప్రయోగంలో తప్పు లేదు. 'అక్కడ పనిచేసింది' నుంచి 'ఇక్కడ పనిచేస్తుంది'కి మధ్య ఉన్న దూరాన్ని ఎవరూ నడిచి చూడలేదు. కొద్ది డిస్ట్రిక్టుల్లో ఏడాది చేసి చూసినా టీచర్ల వలస కంటపడేది.

అదే రాష్ట్రం 2013లో నిధుల పద్ధతి మార్చి, ప్రతి డిస్ట్రిక్ట్ మూడేళ్ల ప్రణాళిక రాసి ఏటా సవరించాలని, తల్లిదండ్రుల మాట వినాలని చట్టం చేసింది. ఉద్దేశం గొప్పది. కానీ ఆ ప్రణాళికలు కొన్నిచోట్ల వందల పేజీలకు పెరిగాయి. వందల పేజీలను ఏ తల్లి చదువుతుంది? ఏ టీచర్ చదువుతాడు? ఇరవై లక్ష్యాలున్న ప్రణాళికలో అసలు లక్ష్యం ఏదో రాసినవాళ్లకూ తెలియదు. ఏడాదికి రెండు, మహా అయితే మూడు పనులు పట్టుకుని, మిగతావి 'ఈ ఏడాది కాదు' అని ధైర్యంగా రాసిన డిస్ట్రిక్ట్‌ను నేను ఎక్కువ నమ్ముతాను.

ఇంకొకటి, టీచర్ల సమయం. షికాగోలో పేర్లు తీసి మాట్లాడుకున్న ఆ సమావేశాలు టైమ్‌టేబుల్‌లో ఉంటేనే జరుగుతాయి. రోజంతా ఒక క్లాసు తర్వాత ఒక క్లాసు చెప్పి, ఇంటికెళ్లి పేపర్లు దిద్దుకునే మనిషిని 'డేటా కూడా చూడు' అంటే అది మొక్కుబడిగానే అవుతుంది. ప్రణాళికలో రాసిన ప్రతి పనికీ ఎవరు, వారంలో ఏ గంటలో చేస్తారన్నది పక్కనే ఉండాలి. కొత్త పని ఒకటి ఇచ్చినప్పుడు పాతదొకటి తీసేయాలి. ఈ రెండోది దాదాపు ఎక్కడా కనిపించదు.

డబ్బు విషయంలో ఇటీవలి అనుభవం చేదైనది. కోవిడ్ సాయంగా మూడు చట్టాల ద్వారా బడులకు సుమారు 19,000 కోట్ల డాలర్లు వచ్చాయి. చివరి విడత కేటాయింపులకు గడువు 2024 సెప్టెంబర్ 30. ఆ డబ్బుతో ట్యూటర్లను, కౌన్సెలర్లను తీసుకున్న డిస్ట్రిక్టులు గడువు దగ్గరపడగానే ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్న టెన్షన్‌లో పడ్డాయి. ఏ ట్యూటరింగ్ వల్ల ఏ పిల్లలకు ఎంత మేలు జరిగిందో మొదటి ఏడాది నుంచే రాసుకున్నచోట ఆ నిర్ణయానికి ఒక ఆధారం ఉంటుంది. రాసుకోనిచోట చివరగా చేరినవాళ్లను ముందు పంపేస్తారు, వాళ్లు ఎంత బాగా పనిచేస్తున్నా సరే. అదే కాలంలో దీర్ఘకాలిక గైర్హాజరు దేశమంతటా దాదాపు రెట్టింపైంది. సాయం అత్యంత అవసరమైన పిల్లలే గదిలో లేరు.

సూపరింటెండెంట్లు మారినప్పుడల్లా ప్రణాళిక పేరు, నినాదం మారడం కూడా మామూలైపోయింది. ఆపగలిగేది ఎన్నికైన బోర్డు ఒక్కటే. కొత్తగా వచ్చేవారిని ఎంపిక చేసేటప్పుడే, నడుస్తున్న పనుల్లో ఫలితమిస్తున్నవి కొనసాగాలని బోర్డు షరతు పెట్టొచ్చు.

మరి మనం ఏం చేయగలం? బోర్డు సమావేశాలు ప్రజలకు తెరిచే ఉంటాయి, మామూలుగా మాట్లాడేందుకు కొద్ది నిమిషాలు ఇస్తారు. మన తల్లిదండ్రులు అక్కడికి వెళ్లినప్పుడు ఎక్కువగా చురుకైన పిల్లల కోసం నడిపే గిఫ్టెడ్ ప్రోగ్రామ్ గురించో, లెక్కల్లో పై స్థాయి క్లాసుల గురించో అడుగుతారు. అవీ అడగాల్సినవే. వాటితోపాటు ఇంకో ప్రశ్నకు చోటివ్వండి, అది మన పిల్లల గురించి కాకపోయినా. అక్టోబర్ మొదటి వారానికి చాలాచోట్ల బడులు తెరిచి ముప్ఫై రోజులు కావస్తుంటాయి. అప్పటికే మూడు రోజులు రాని పిల్లలు ఆ పదో వంతు గీత మీదకు వచ్చేసినట్టే. ఆ జాబితా ఏ ప్రిన్సిపాల్ దగ్గరైనా ఒక పూటలో తయారవుతుంది. అందులో ఎంతమంది ఇళ్లకు ఎవరైనా ఫోన్ చేశారు, వాళ్లు ఏం చెప్పారు, అది విన్నాక బడి ఏం మార్చింది అని అడగండి.