ఇంటి వెనకాల బండ తప్పు జవాబట!

ఇప్పుడే మా అమ్మాయి పరీక్ష పేపర్ చూశా, ఒళ్ళు మండిపోతోంది. ఏడో తరగతి. 'అగ్నిశిలకు ఒక ఉదాహరణ రాయండి' అని ప్రశ్న. అగ్నిశిల అంటే కరిగిన రాయి చల్లారి గట్టిపడింది, అంతే. ఉండేది హైదరాబాద్‌లో కదా, పిల్ల 'మా ఇంటి వెనకాల బండ, గ్రానైట్' అని రాసింది. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశారు! నోట్సులో 'బసాల్ట్' అని ఉందట, నోట్సులో ఉన్నదే రాయాలట.

ఆ బండ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళండీ. భూమి లోపల కరిగిన రాయి పైకి రాకుండా అక్కడే నింపాదిగా చల్లారితే గ్రానైట్ అవుతుంది, నింపాదిగా చల్లారింది కాబట్టే పలుకులు పెద్దవి. దగ్గరికెళ్తే లేత గులాబీ ఫెల్డ్‌స్పార్, బూడిదరంగు క్వార్ట్జ్, ఎండకి తళుక్కుమనే నల్ల అభ్రకం, ఏది ఏదో వేలు పెట్టి చూపించొచ్చు. పగుళ్ళలోకి నీళ్ళు దిగి, మూలలు అరిగి, ఉల్లిపాయలా పొరలు ఊడి అలా గుండ్రంగా తేలింది. పిల్లల్ని గేటు దాటిస్తే సగం పాఠం అయిపోతుంది.

అబ్బే, మనకి థర్మోకోల్ అగ్నిపర్వతమే కావాలి. ప్రతి సైన్స్ ఫెయిర్‌లో అదే కొండ, అదే వంట సోడా, అదే వెనిగర్, కాస్త ఎర్ర రంగు. నురగ పొంగగానే చప్పట్లు. (చేసింది పిల్లలా? అర్ధరాత్రి దాకా జిగురు పూసుకుంటూ కూర్చున్న నాన్నలు.) మన దేశంలో నిజంగా రగిలే అగ్నిపర్వతం అండమాన్‌లో బారెన్ దీవి అని ఒక్కరైనా చెప్పారా? సరే, బసాల్టే కావాలా, వికారాబాద్ వైపు వెళ్ళండి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా గట్టిపడి అక్కడే ఉంది, అది చివికి అయిన నల్లరేగడిలోనే రైతులు పత్తి వేస్తున్నారు. కానీ నోట్సులో వికారాబాద్ ఎందుకుంటుంది, హవాయి ఉంటుంది!

అయినా ఆ బండ మాత్రం ఎన్నాళ్ళుంటుంది లెండి. దాని పక్క బండని నిరుడు బిల్డర్ పేల్చేశాడు. పొద్దున్నే ఢాంమని కిటికీలు అదిరేవి, ఆరేసిన బట్టల నిండా దుమ్ము. వెళ్ళి అడిగితే 'రాయే కద సార్' అన్నాడు. అన్ని కోట్ల ఏళ్ళ ఎండావానా చెయ్యలేనిది నెల తిరక్కుండా చేసి చూపించాడు మహానుభావుడు. అక్కడ లేచిన అపార్ట్‌మెంట్ పేరేంటో తెలుసా? 'రాక్ వ్యూ'! లాన్‌లో ఫైబర్‌తో చేసిన ఉత్తుత్తి బండరాళ్ళు పెట్టించాడు, లోపల స్పీకర్లు, సాయంత్రమైతే పాటలు. వాటి రిపేరుకి మెయింటెనెన్స్‌లో విడిగా వసూలు చేస్తున్నారట, బాగా అయింది.