బోర్ల పడ్డడు

మా అపార్ట్‌మెంటులో పోయిన వానాకాలం మొదట్లో నెలన్నర తేడాతో ముగ్గురు పిల్లలు పుట్టారు. రెండో అంతస్తులో పాప, నాలుగో అంతస్తులో బాబు, మధ్యలో మూడో అంతస్తులో మావాడు. ఉండేది హనుమకొండ నయీంనగర్‌లో. అక్కడ ఏ గోడ చూసినా ర్యాంకులూ, ర్యాంకుల పక్కన పిల్లల ఫోటోలూ. ఆ గాలి పీల్చి పెరిగే పిల్లలకు బోర్లా పడటంలోనూ పోటీ తప్పుతుందా?

రెండో అంతస్తు పాప మూడు నెలల ఇరవై రోజులకే బోర్లా పడింది. ఆ సంగతి వాళ్ళమ్మ నాకు లిఫ్టులో చెప్పారు. చెప్పి ఊరుకోకుండా, "మీవాడు ఇంకా పడలేదా?" అని అడిగారు. హాల్ టికెట్ ఇంకా రాలేదా అన్నట్టుంది ఆ గొంతు. అంతకుముందు మావాడు ఆరు వారాలకే నన్ను చూసి నవ్వాడని చెబితే, "గ్యాస్ అండీ, నవ్వు కాదు" అని తేల్చేసిన మనిషే. తర్వాతి వారం నాలుగో అంతస్తు బాబు కూడా పడ్డాడు. మావాడు మాత్రం వెల్లకిలా పడుకొని ఫ్యాను చూస్తూ కాలక్షేపం చేస్తున్నాడు.

టెన్షన్ తట్టుకోలేక నేను చదువు మొదలుపెట్టాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఒక పట్టిక వేసింది. పిల్లలు ఏ ఆసరా లేకుండా కూర్చోవడానికి 3.8 నెలల నుంచి 9.2 నెలల దాకా, సొంతంగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలల దాకా ఎప్పుడైనా సరే, అంతా మామూలే అంటుంది. వాళ్ళు చూసిన పిల్లల్లో నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళ మీద అసలు పాకనే లేదట. అన్నిటికంటే నాకు నచ్చింది ఏమిటంటే, ఆ పట్టికలో ఆరు మెట్లున్నాయి గానీ బోర్లా పడటం అనేదే లేదు. మరునాడు లిఫ్టులో రెండో అంతస్తు మేడమ్‌కు ఆ ముక్క అప్పజెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "వాళ్ళకు బొబ్బట్లు తెలియవు కదండీ" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

బొబ్బట్ల లెక్క మా అత్తగారిది కూడా. మా ఆవిడది బెజవాడ. అత్తగారు మనవడి కోసం వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. "బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు" అని రోజూ వాడికి పాఠం చెబుతారు. మా అవ్వ, అంటే మా అమ్మ, బొబ్బట్లను భక్షాలంటుంది. భక్షాలంటే ప్రాస కుదరదని అత్తగారి బాధ. ప్రాస కుదరకపోయినా పొట్ట నిండుతదని అవ్వ వాదన.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున. వాడికి నాలుగున్నర నెలలు. వరంగల్ కొత్తవాడ నుంచి తెచ్చిన జంపఖానా మీద వేసి ఉంచాం. నేను పేపరు చదువుతున్నాను. వాడు కుడికాలు పైకెత్తి ఎడమవైపు వేశాడు. అది రోజూ చేసేదే. ఈసారి నడుము కూడా దాని వెంట వెళ్ళింది. పక్కకు ఒరిగి, ఆటో స్టాండులో బేరం కుదరని ఆటోలా కాసేపు అక్కడే ఆగాడు. ముక్కుతూ, ముఖం ఎర్రబడి, తలకాయను మెడ మోయలేక మోస్తుండగా, దభీమని బోర్లా. ఎడమ చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయింది. తల రెండు అంగుళాలు ఎత్తి మమ్మల్ని చూసి నవ్వాడు. నోట్లోంచి చొంగ కారి జంపఖానా నీలం చార మీద పడింది. అందరం చప్పట్లు కొట్టాం. అత్తగారు వెంటనే వంటింట్లోకి వెళ్ళి శనగపప్పు డబ్బా తీశారు.

నేను బాపుకు ఫోన్ చేశాను.

ఇక్కడ మూడు సంగతులు చెప్పాలి. మా ఊరు పరకాల దాటాక. ఆ పొద్దున బాపు పొలం గట్టు మీద ఉన్నాడు, పక్క మడిలో వరికోత మిషన్ నడుస్తోంది. రెండోది, బాపుకు ఎడమ చెవి సరిగ్గా వినబడదు, ఫోన్ మాత్రం ఎప్పుడూ ఆ చెవికే పెడతాడు. మూడోది నా తప్పు. మా అపార్ట్‌మెంటులో పాత బోరు ఎండిపోయి సెల్లార్‌లో కొత్తది వేశారనీ, ఇంకా మూత పెట్టలేదనీ నాలుగు రోజుల కిందే ఆయనకు చెప్పి ఉన్నాను. పిల్లలు బోరుబావుల్లో పడ్డ వార్తలు టీవీలో వస్తే ఆ రాత్రంతా నిద్రపోని మనిషి ఆయన.

"బాపూ, నీ మనుమడు బోర్ల పడ్డడే!"

కాసేపు మిషన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"ఏందిరా?"

"బోర్ల పడ్డడు బాపూ. గిప్పుడే!"

"నువ్వేడున్నవ్?"

"గీన్నే ఉన్న. అందరం చూసుకుంటనే ఉన్నం. వీడియో గూడ తీసిన, పంపిస్త ఆగు."

"వీడియో తీసినవా!" ఆయన గొంతు వణికింది. సంతోషం అనుకున్నాను. "పోరడు ఏడుస్తుండా?"

"మొదలు నవ్విండు. ఇప్పుడు ఏడుస్తుండు. చెయ్యి ఇరుక్కున్నది."

"మరి తియ్యిరా!"

"మనం తియ్యద్దట బాపూ. వాన్నే తీసుకోనియ్యాల్నట. రోజుకు రెండు మూడు సార్లు గిట్ల ఉంచుతె మెడ గట్టిపడ్తదని డాక్టరమ్మ చెప్పింది."

అటునుంచి మాట లేదు. ఆయన ఆనందం పట్టలేకపోతున్నాడనుకొని నేనే అందుకున్నాను. "మా అత్తమ్మ భక్షాలకు పప్పు నానేసింది. మీరు గూడ ఉంటే మంచిగుండు బాపూ."

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఎలా ఎత్తుతాడు, ఫోన్ గట్టు మీదే పారేసి ఊరివైపు పరుగెత్తాడట. మేము ఇక్కడ నిశ్చింతగా ఉన్నాం. చెయ్యి కాసేపటికి వాడే లాక్కున్నాడు. వెంటనే దాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

గంటన్నర తర్వాత వాచ్‌మన్ ఇంటర్‌కమ్ చేశాడు. "సార్, మీ ఊరోళ్ళట, పదకొండు మంది వచ్చిన్రు. బోరుకాడ ఉన్నరు. ఒకాయన నడుముకు తాడు కట్టుకుంటుండు."

బాబును భుజాన వేసుకొని దిగాను. సెల్లార్‌లో మా ఊరి ట్రాలీ ఆటో. అందులో ట్రాక్టరు గొలుసు, రెండు టార్చిలైట్లు, బావిలో పడ్డ బొక్కెనలు తీసే కొక్కేల గాలం. తాళ్ళెక్కే మామ తన మోకు తెచ్చుకొని నిజంగానే నడుముకు బిగించుకుంటున్నాడు. చిన్నాయిన నేల మీద పడుకొని బోరుకు చెవి ఆనించాడు. బోరుకు ముందురోజే మోటారు దించి, పైన ఇనుప బిళ్ళ వేసి నాలుగు బోల్టులు బిగించారు. బాపు ఆ బోల్టులనే చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళు రావడం లేదని గొడవకు వచ్చిన జనం అనుకొని, వాచ్‌మన్ మోటారు స్విచ్చుకు అడ్డంగా నిలుచున్నాడు.

అవ్వ ముందు నన్ను చూసింది. తర్వాత నా భుజం మీద వాణ్ణి చూసింది. వాడు అవ్వను చూసి నవ్వాడు. గ్యాస్ కాదు, నవ్వే.

బాపు వాణ్ణి చూసి, బోరును చూసి, మళ్ళీ వాణ్ణి చూశాడు. "బోర్లకెళ్ళి ఎవలు తీసిన్రురా?" అని అడిగాడు.

అప్పుడు వెలిగింది నాకు. పొద్దున నేను మాట్లాడిన ప్రతి మాటా బాపు చెవితో మళ్ళీ విన్నాను. వీడియో, చెయ్యి, డాక్టరమ్మ, రోజుకు రెండు మూడు సార్లు, చివరికి భక్షాలు. కన్నకొడుక్కు మతిపోయిందనుకుంటూ గూడెప్పాడు క్రాస్ రోడ్డు దాకా ఆయన ఒక్క మాటా మాట్లాడలేదట. నేను విషయం విప్పి చెప్పగానే మొదట నవ్వింది మోకు మామ. అవ్వ నవ్వలేదు. నా వీపు మీద ఒక్కటి చరిచి, అదే చేత్తో వాణ్ణి లాక్కుంది. "బోర్లా అని దీర్ఘం తీసి ఉంటే సరిపోయేది" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మా దగ్గర దీర్ఘాలు తియ్యడం తక్కువ, ఏం చేస్తాం.

ఈ హడావిడికి లిఫ్టు దిగి రెండో అంతస్తు మేడమ్ వచ్చారు. "ఏమైందండీ, ఇంతమంది వచ్చారు?"

"ఏం లేదండీ, మావాడు బోర్లా పడ్డాడు."

ఆవిడ ట్రాలీ ఆటోను చూశారు. పదకొండు మందిని చూశారు. మామ నడుముకున్న మోకును చూశారు. వాళ్ళ పాప బోర్లా పడినప్పుడు అమీర్‌పేట నుంచి వాళ్ళ తమ్ముడు బొటనవేలు గుర్తు ఒకటి పంపాడు, అంతే. "మీవాళ్ళకు ప్రేమలు ఎక్కువండీ" అని మెల్లగా అని, మెట్లెక్కి వెళ్ళిపోయారు. నేను కాదనలేదు.

నలుగురి కోసం నానబెట్టిన పప్పు పదిహేను మందికి చాలదు కదా. వాచ్‌మన్ మరో కిలో పప్పు, బెల్లం తెచ్చాడు. అవ్వా, అత్తగారూ ఒకే పీట దగ్గర కూర్చొని ఒకరు భక్షాలు, ఒకరు బొబ్బట్లు ఒత్తారు. పళ్ళెంలో పడ్డాక ఏవి ఏవో తెలియలేదు. మనవడు మాత్రం అందరినీ జంపఖానా చుట్టూ కూర్చోబెట్టుకొని ఫ్యాను చూస్తూ ఉండిపోయాడు. గిలక ఊపాం, చప్పట్లు కొట్టాం. కదిలితే ఒట్టు. ఆఖరికి బాపు, "గిట్లరా బిడ్డా" అంటూ వాడి పక్కన పడుకొని, కుడికాలు పైకెత్తి, తానే బోర్లా పడ్డాడు. లేపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

తిన్నాక అవ్వ అసలు సంగతి బయటపెట్టింది. దారిలో సమ్మక్కకు మొక్కిందట, మనుమడు బతికి బయటపడితే మేడారంలో వాడి నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారం అంటే బెల్లమే. వాడు అసలు పడనే లేదు కదా అంటే, "నేను మొక్కినప్పుడు పడ్డడు" అంది. మొక్కు మొక్కే. జాతరకు ఇంకా ఏడాది పైనే ఉంది. ఇప్పుడు వాడు ఆరుంబావు కిలోలు. మగపిల్లలు ఏడాదిన్నరకు పదకొండు కిలోల దాకా తూగుతారని టీకాల కార్డులో గీతలున్నాయి. చిన్నాయిన వేళ్ళ మీద లెక్కేసి, "అయితే ఇయ్యాల్నే పోదాం పాండ్రి, బెల్లం కలిసొస్తది" అన్నాడు. అవ్వ ఆయన పళ్ళెంలోంచి ఒక భక్షం వెనక్కి తీసుకుంది.

మొన్న ఏడో నెల నిండాక వాడు ఆసరా లేకుండా కూర్చున్నాడు. ఈసారి జాగ్రత్తపడి, బాపు ఇంట్లో ఉన్నాడని అవ్వను అడిగి తెలుసుకొని మరీ ఫోన్ చేశాను.

"బాపూ, మనుమడు కూసున్నడు."

"ఏడ?"

"జంపఖానా మీద."

"జంపఖానా ఏడున్నది?"

"నేల మీద బాపూ. ఇంట్లనే."

"తలుపు పెట్టి ఉన్నదా?"

"పెట్టే ఉన్నది."

"నీ పెండ్లాన్ని పిలువు. ఆమెతోని చెప్పియ్యి."

మా ఆవిడ ఫోన్ తీసుకొని, "కూర్చున్నాడు మామయ్యా, బాగానే ఉన్నాడు" అని అన్ని దీర్ఘాలూ తీసి చెప్పింది.

"సరే బిడ్డా. కుడుములు చేసుకోన్రి" అన్నాడు బాపు.