బీడీ మానితే అదే చాయ ఘాటెక్కుతుంది

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇల్లు చేరిన మనిషికి నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో చుట్టాలు చెప్పే మొదటి పథ్యం 'చాయ బంద్'. బీడీ సంగతికొస్తే మాత్రం 'మెల్లగ తగ్గిస్తడులే' అంటారు. ఇక్కడే లెక్క తలకిందులవుతోంది.

చాయలోని కెఫీన్ వల్ల, అలవాటు లేనివారికి బీపీ కాసేపు పెరుగుతుంది. రోజూ తాగేవారిలో ఆ ప్రభావం చాలావరకు మొద్దుబారుతుంది. గుండె పంపింగ్ తగ్గిన 51 మందికి బ్రెజిల్ వైద్యులు ఐదు గంటల్లో 500 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూశారు. గుండె లయ తప్పడం పెరగలేదని 2016లో ప్రకటించారు. ఇది చిన్న పరీక్షే, గుండెపోటు వచ్చిన తొలి రోజులకు వర్తించదు. అయినా మన హోటల్ చాయ గ్లాసులో ఉండేది సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాములే.

అసలు చిక్కు బీడీ మానినప్పుడు మొదలవుతుంది. పొగలోని తారు పదార్థాలు కెఫీన్‌ను విరగ్గొట్టే కాలేయ ఎంజైమును జోరెక్కిస్తాయి. మానిన వారంలోనే ఆ జోరు తగ్గిపోతుంది. తాగేది అవే ఐదు చాయలైనా రక్తంలో కెఫీన్ రెట్టింపు దాకా పేరుకోవచ్చు. ఇది నికోటిన్ పని కాదు కాబట్టి నికోటిన్ గమ్ నమిలేవారికీ ఇదే తిప్పలు. దడ, చికాకు, నిద్ర పట్టకపోవడం... 'బీడీ మానినందుకే ఇట్లయితుంది' అనుకుని మళ్లీ వెలిగిస్తారు. గుండెకు ఇంతకంటే చెడు బేరం లేదు.

అందుకే బీడీ మానిన రోజు నుంచే చాయను సగానికి దించాలి. మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. ఒక్కసారే పూర్తిగా ఆపితే మర్నాటికి తలనొప్పి పట్టుకుంటుంది. గుండె నొప్పికి ఇచ్చే నైట్రేట్ మాత్రలకూ తల నొస్తుంది గనుక, ఏది దేనివల్లో తేలక మందు మానేసేవారుంటారు.

ఐదు చాయలకు రెండేసి చెంచాల చక్కెర అంటే రోజుకు 40 గ్రాములపైనే. షుగర్ ఉన్నవారికి కెఫీన్ కంటే ఇదే గండం. 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకులో 75 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది, అదీ ఒక్క గుక్కలో దిగుతుంది. దాన్ని ముట్టకపోవడమే మేలు. ఆయాసానికి డెరిఫిలిన్ వాడేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, అది కెఫీన్ జాతి మందే.

అడినోసిన్ ఇంజెక్షన్‌తో చేసే గుండె స్కాన్ ఉంటే ముందు 24 గంటలు చాయ, కాఫీ, కోలా ఏవీ వద్దు. కెఫీన్ ఆ మందుకు అడ్డుపడితే, రక్తనాళంలో పూడిక ఉన్నా స్కాన్‌లో బయటపడకపోవచ్చు.