22 వారాలకి పుట్టినా ఫారిన్‌లో అందరూ బతికేస్తారంట!

బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులు, మారతహళ్లి నుంచి కేఆర్ పురం దాకా, ఏది తెరిచినా ఇదే ఫార్వర్డ్. "అమెరికా, యూరప్‌లో 22 వారాలకి పుట్టిన పిల్లలు కూడా అందరూ బతుకుతున్నారు, మన దగ్గర ఏడో నెలలో పుట్టినా బతకరు, బతికినా జీవితాంతం అవిటివాళ్ళే, ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) అంతా డబ్బు గుంజడానికే" అని. గ్రూపులో కడుపుతో ఉన్నవాళ్ళు కూడా ఉంటారు కదండీ, పంపేముందు కాస్త ఆలోచించరా?

"అందరూ" అన్నారు కదా, అమెరికాలో కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో 2013-2018 మధ్య పుట్టినవాళ్ళ లెక్కే చూడండి, 22 వారాలకి ప్రాణంతో పుట్టినవాళ్ళందర్నీ కలిపితే ఇంటికెళ్ళింది 10.9 శాతం, ట్రీట్‌మెంట్ మొదలుపెట్టినవాళ్ళని మాత్రమే తీసుకుంటే 30 శాతం. పిల్లలు వాళ్ళే, ఆసుపత్రులవే, ఎవర్ని లెక్కలోకి తీసుకున్నారన్న దాన్నిబట్టి నంబర్ దాదాపు మూడింతలు మారింది. 28 వారాలకొచ్చేసరికి అక్కడే 94 శాతం. ఫార్వర్డ్‌లో ఫొటో పెట్టిన అలబామా బాబు 2020లో 21 వారాల 1 రోజుకి 420 గ్రాములతో పుట్టి బతికాడు, అప్పట్లో గిన్నిస్ రికార్డు, నిజమే. వాడి కవల మాత్రం దక్కలేదు, ఆ ముక్క ఎవరూ రాయరు.

యూరప్ అంటే అంతా ఒకటి కూడా కాదు. ఫ్రాన్స్‌లో 2011లో 24 వారాల్లోపు పుట్టినవాళ్ళలో బతికింది 0.7 శాతం, 26 వారాలకైతే 75.3. స్వీడన్‌లో 2014-16లో 22-26 వారాల మధ్య ప్రాణంతో పుట్టినవాళ్ళలో 77 శాతం మంది ఏడాది దాటారు. ఫ్రెంచ్ డాక్టర్లకి పని రాక కాదు, అంత చిన్న బిడ్డకి వెంటిలేటర్ పెట్టాలా, నొప్పి లేకుండా చూసుకుంటే చాలా అన్న నిర్ణయం అప్పట్లో అక్కడ వేరేగా ఉండేది.

అవిటివాళ్ళే అన్నది ఇంకా ఘోరం. స్వీడన్‌లోనే 27 వారాల్లోపు పుట్టి బతికినవాళ్ళని ఆరున్నరేళ్ళప్పుడు చూస్తే 36 శాతం మందికి ఏ లోపమూ లేదు, 30 శాతానికి కొద్దిగా, 20కి మధ్యరకంగా, తీవ్రమైన వైకల్యం 13 శాతానికి. చిన్న సంఖ్య అని నేననను, కానీ అందరూ అనడం అబద్ధం.

ఇక మన దగ్గర సంగతి. మనకంటే పేద దేశాల్లో 28 వారాల్లోపు పుట్టినవాళ్ళలో 90 శాతం పైగా మొదటి కొద్దిరోజుల్లోనే పోతున్నారని డబ్ల్యూహెచ్‌ఓనే చెప్తుంది, ఆ తేడాని ఎవరూ దాచట్లేదు. ఎన్ఐసీయూ బిల్లు చూసి గుండె జారడం కూడా నిజమే. కానీ పనిచేసేదంతా ఖరీదైనదేం కాదు, నొప్పులు ముందే వస్తే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మన దేశం కూడా ఉన్న ట్రయల్‌లోనే పసిపిల్లల మరణాల్ని తగ్గించింది, అలాగే 1 నుంచి 1.8 కిలోల మధ్య పుట్టిన పిల్లల్ని పుట్టగానే తల్లి గుండెకి ఆనించి ఉంచే కంగారూ కేర్ వల్ల మరణాలు పావు వంతు తగ్గాయని 2021లో తేలింది, అందులోనూ ఇండియా ఉంది.

కింద ఒక పెద్దాయన "ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల వాళ్ళే బతకరు" అని రిప్లై. బాబాయ్ గారూ, కడుపులో ఇంకో వారం ఉంటే బిడ్డకి అంత మంచిది, అంతే.

ఫార్వర్డ్‌లో లేనిది ఇలా ముందే పుట్టిన పిల్లల కంటిచూపు సంగతి. ఇండియాలో 34 వారాల్లోపు గానీ 2 కిలోల్లోపు గానీ పుట్టిన బిడ్డకి 30 రోజుల్లోపు రెటీనా (కంటి వెనక పొర) చెక్ చేయించాలి, 28 వారాల్లోపైతే ఇంకా ముందే. కర్ణాటకలో 2008 నుంచి కిడ్‌రాప్ అని ఒక ప్రోగ్రాం ఉంది, టెక్నీషియన్లే కెమెరా పట్టుకుని జిల్లాల ఆసుపత్రులకెళ్ళి పిల్లల కళ్ళ ఫొటోలు తీస్తే బెంగళూరులో డాక్టర్లు చూసి చెప్తారు. ఆ ఫొటోలు కూడా ఫార్వర్డ్ చెయ్యొచ్చు కదా!