రేంజ్ కావాలా? జామ్‌లోకి రండి!

హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ల నిర్మాణం వెంటనే ఆపాలి. ఎలక్ట్రిక్ కార్ల యజమానుల తరఫున ఇది నా మొదటి డిమాండ్.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మన కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. 2026 డిసెంబరు 31 దాకా ఆ వరం ఉంది. సంతోషం. కానీ ఆ చేత్తోనే రోడ్లు ఖాళీ చేస్తామంటే ఎలా? గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 60లో వెళ్లే కారుకన్నా 120లో వెళ్లే కారు ప్రతి కిలోమీటరుకూ గాలితో నాలుగు రెట్లు కుస్తీ పట్టాలి. ఈ సంగతి తెలిసి కూడా 2023లో ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. 158 కిలోమీటర్ల రోడ్డు, అడ్డొచ్చేవాడే లేడు. కంపెనీ చెప్పిన రేంజ్, అంటే ఒక్క ఛార్జ్‌తో కారు వెళ్లే దూరం, అక్కడ కళ్లముందే కరిగిపోతుంది.

అమీర్‌పేట అలా కాదు. సిగ్నల్ దగ్గర పెట్రోల్ కారు నిలబడి ఇంజిన్ తిప్పుకుంటూ డబ్బు తగలేస్తుంటే, మన మోటారు హాయిగా పడుకుంటుంది. షేర్ ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగిందా? తిట్టకండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే రీజెన్ (కారు నెమ్మదించేటప్పుడు మోటారే కరెంటు పుట్టించే ఏర్పాటు) పనిచేసి కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగొస్తుంది. ఆటో అన్నకు మనమే దండం పెట్టాలి.

జామ్‌లో మనకున్న శత్రువు ఏసీ ఒక్కటే. మే నెలలో అది గంటకు ఒకటిన్నర యూనిట్ దాకా తాగేస్తుంది. ఆ గంటలో 40 కిలోమీటర్లు పోతే చక్రాల ఖర్చు ముందు అది తక్కువే. పదే కిలోమీటర్లు కదిలితే మాత్రం చక్రాలు తిప్పడానికన్నా చల్లబడటానికే ఎక్కువ కరెంటు పోతుంది. ప్లగ్‌లో ఉండగానే కారును చల్లబరచి బయల్దేరమంటారు తెలిసినవాళ్లు. అక్షరాలా నిజం. ఆ చల్లదనం పంజగుట్ట దాటేవరకైనా నిలవదనేదీ నిజమే. అప్పుడు ఏసీని 26కి పెంచి, వెనక సీటు వైపు చూడకుండా నడపాలి. “ఏంది బిడ్డా, ఏసీ నడుస్తలేదా?” అని అత్తమ్మ అడిగితే, “పర్యావరణం కోసం అత్తమ్మా” అనాలి. ఈ జవాబుకు ఎదురు మాట్లాడినవాళ్లు ఇంతవరకు లేరు. కొంగుతో విసురుకున్నవాళ్లున్నారు.

టైర్లలో గాలి తక్కువైతే రేంజ్ పడిపోతుంది కాబట్టి పెట్రోల్ బంకుకూ వెళ్లక తప్పదు. చుక్క పెట్రోల్ కొట్టించకుండా గాలి మాత్రం పట్టించుకునేవాణ్ణి ఆ కుర్రాడు చూసే చూపు ఏ బ్రోచర్‌లోనూ రాయరు.

బంజారాహిల్స్ గుట్టల మీద ఇళ్లున్నవాళ్ల కష్టం వేరు. రాత్రంతా పెట్టి 100 శాతం ఛార్జ్ చేస్తారు. పొద్దున దిగేటప్పుడు నిండిన బ్యాటరీలో కరెంటు పట్టే చోటుండదు, రీజెన్ దాదాపు పనిచేయదు. సాయంత్రం మళ్లీ ఎక్కాలి. ఒకటిన్నర టన్నుల కారు వంద మీటర్ల ఎత్తు ఎక్కితే, ఆ ఎత్తుకే అర యూనిట్ దాకా అవుతుంది. 80 శాతం దగ్గర ఆపేస్తే సరిపోతుంది. కానీ కోట్ల ఇల్లు కట్టుకున్నవాడికి బ్యాటరీలో 20 శాతం ఖాళీగా ఉంచమని చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఇక కాగితం మీద రేంజ్ సంగతి. మన దేశంలో దాన్ని తేల్చే పరీక్షలో కారు వేగం 90 దాటదు, ఏసీ వేయరు. కాబట్టి తప్పు కారుది కాదు, మనది. ఆ పరీక్షలాగా బతకడం నేర్చుకోలేదు.

అందుకే మిగిలిన డిమాండ్లు కూడా ప్రభుత్వం ముందుంచుతున్నాను. ఔటర్ మీద ఎడమ లేన్లలో 80 పరిమితి ఎలాగూ ఉంది, దాన్నే అన్ని లేన్లకూ వర్తింపజేయాలి. మాట వినని చోట ముహూర్తాల సీజన్‌లో బరాత్‌లకు అనుమతివ్వాలి. బ్యాండు, గుర్రం, డీజే బండి, ముందు తీన్మార్ వేసే మేనమామలు. ఖర్చు పెళ్లివారిదే.