దింపేసి వచ్చేస్తే థెరపీ పనిచేయదు

పిల్లల్ని మనసుకు చికిత్స చేసే థెరపిస్టు దగ్గరకు తీసుకెళ్లడానికి మనవాళ్లు ఈమధ్య మునుపటంత జంకడం లేదు. సంతోషమే. అయితే అక్కడికి వెళ్లి వాళ్లు అడిగేవి వింటే నాకు బెంగ పుడుతుంది. "వీడి కోపం తగ్గించండి", "మా మాట వినేలా చేయండి", "చదువు మీద ధ్యాస పెట్టమనండి". ట్యూషన్‌లో దింపినట్టు పిల్లల్ని లోపల దింపి, బయట ఫోన్ చూసుకుంటూ కూర్చుని, టైమవగానే ఇంటికి తెచ్చుకోవడం. పాఠం వాళ్లు చెబుతారు, ఫలితం మనకొస్తుందని నమ్మకం. పిల్లల థెరపీ మధ్యలో చప్పబడిపోవడానికి ఈ ధోరణి ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇంతకీ అక్కడ జరిగేదేమిటి? 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక బాబు గురించి రాశారు. పేరు పీటర్, ఇంకా మూడేళ్లు నిండలేదు. కుందేలంటే హడలిపోయేవాడు. ఈకలు, దూది చూసినా బెదిరేవాడు. ఆమె మొదట కుందేలంటే భయం లేని పిల్లల్ని వాడితో కలిపి ఆడించారు. కాస్త కుదుటపడ్డాడు. అంతలో జబ్బు చేసింది, దానికి తోడు ఒక పెద్ద కుక్క మీదకి దూకింది. వచ్చిన ధైర్యమంతా పోయింది. అప్పుడు ఆమె పద్ధతి మార్చారు. వాడు ఇష్టమైనది తింటుండగా బోనులో ఉన్న కుందేల్ని దూరంగా పెట్టించి, వాడు ఓర్చుకోగలిగినంత మేరకే దగ్గరకు జరుపుతూ వచ్చారు. చివరికి కుందేలు తన వేళ్లు కొరుకుతున్నా పీటర్ ఊరుకున్నాడు.

ఈ కథలో నాకు నచ్చేది గెలుపు కాదు, మధ్యలో ఆ వెనకడుగు. మన పిల్లలకు అలా జరిగితే "ఇన్ని సెషన్లు దండగ" అని మానిపించేస్తాం.

ఆందోళన ఎక్కువగా ఉన్న పిల్లలకు ఈనాడు ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో (ఆలోచనల తీరునీ ప్రవర్తననీ మార్చే పద్ధతి) కూడా ముఖ్యమైన భాగం ఇదే: భయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కొక్కటే ఎక్కించడం. క్లాసులో నోరు విప్పలేని అమ్మాయి మొదటి వారం టీచర్‌కి ఒక్క మాట చెబితే చాలు. ఇంకా చిన్నవాళ్లకైతే ఆటే భాష. "బొమ్మలతో ఆడించడానికి అంత దూరం వెళ్లాలా?" అని విసుక్కునేవాళ్లున్నారు. ఇంట్లో చెల్లి పుట్టాక ముభావంగా మారిన ఒక పిల్లాడు పెద్ద బొమ్మ చేత చిన్న బొమ్మని పదే పదే ఇసుకలో పూడ్చిపెడుతున్నాడనుకోండి. మనమైతే "తప్పు నాన్నా, అలా చేయకూడదు" అంటాం. థెరపిస్టు "ఈ పెద్ద బొమ్మకి చాలా కోపమొచ్చినట్టుందే" అంటారు. కోపం రావచ్చు, దాన్ని ఇలా పైకి చెప్పుకోవచ్చు అని వాడికి మొదటిసారి తెలిసేది అక్కడే కావచ్చు.

ఇక మన వంతు. పొద్దున్నే కడుపునొప్పి అంటుంది పాప. డాక్టరు పరీక్షించి ఏమీ లేదన్నారు. నొప్పి మాత్రం నిజమే, టెన్షన్ చిన్నపిల్లల్లో చాలాసార్లు ఒంట్లోనే బయటపడుతుంది. మనసొప్పక బడి మానిపిస్తాం. పదింటికల్లా పాప హాయిగా ఉంటుంది. మర్నాడు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే తప్పించుకుంటేనే ఊరట అని మనసు నేర్చేసుకుంది. ప్రేమతో చేసిన పనే భయానికి బలమైంది.

అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ అనే సైకాలజిస్టు బృందం సరిగ్గా ఇక్కడే చేయి పెట్టింది. ఆందోళనతో బాధపడే 124 మంది పిల్లలతో చేసి, 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఒక వర్గం పిల్లలకు నేరుగా థెరపీ ఇచ్చారు. రెండో వర్గంలో థెరపిస్టు తల్లిదండ్రులతోనే పనిచేశారు. రెండో పద్ధతి మొదటిదానికి తీసిపోలేదు. అంటే పిల్లలకు థెరపీ అక్కర్లేదని కాదు, మనం మారితే వాళ్లలో అంత మార్పు వస్తుందని. ఆ తల్లిదండ్రులు నేర్చుకునేది వినడానికి తేలికే: "నీకు భయంగా ఉందని తెలుసు, తట్టుకోగలవనీ తెలుసు" అని రెండూ కలిపి చెప్పడం, ఆ భయం కోసం మనం చేసిపెడుతున్న పనుల్ని కొద్దికొద్దిగా తగ్గించడం. మనలో కొందరు మొదటి సగమే చెబుతాం, ఎత్తుకుని కూర్చుంటాం. కొందరు రెండో సగమే చెప్పి తోసేస్తాం.

సెషన్ అవగానే కార్లో మొదలయ్యే విచారణ కూడా మానాలి. "ఏం అడిగారు? నా గురించి ఏమైనా చెప్పావా?" అంటే వచ్చే వారం ఆ పిల్ల నోరు విప్పదు. ప్రాణానికి, భద్రతకి సంబంధించిన సంగతైతే థెరపిస్టే మనకు చెబుతారు. మిగతాది ఎంతవరకు చెబుతారో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

థెరపీతో అన్నీ తీరవు. బడిలో రోజూ ఏడిపిస్తున్నవాళ్లుంటే ముందు బడితో మాట్లాడాలి. ఇంట్లో రోజూ అరుపులుంటే వాటిని భరించడం నేర్పమని థెరపిస్టుని అడగడం అన్యాయం. అలాగని "వయసొస్తే అదే పోతుంది" అని ఏళ్ల తరబడి కూర్చోవడమూ కుదరదు. మానసిక సమస్యల్లో దాదాపు సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయి. నిద్ర, తిండి, స్నేహాలు, చదువు, ఇష్టమైన ఆట, వీటిలో ఏవైనా కొన్ని వారాలుగా తేడాగా ఉంటే థెరపిస్టుని కలవడానికి అది చాలు. చచ్చిపోవాలని ఉందన్న మాట వినబడితే మాత్రం వారాలు కాదు, ఆ రోజే.

వెళ్లాక, ప్రతి సెషన్ చివర ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి. "ఈ వారం ఇంట్లో నేనేం చేయాలి?" అని అడగండి. ఎన్ని వారాలైనా జవాబు రాకపోతే, పిల్లలకు ఆ మనిషితో పొసగకపోతే, థెరపిస్టుని మార్చడానికి మొహమాటపడకండి.