గాల్లో దూకుతూ కూడా నోరు మూయని మాటల బుడగకి

కామిక్ బొమ్మల్లో పాత్రల మాటలు మోసే బాబూ మాటల బుడగా,

మొన్న మద్దిలపాలెంలో బస్సెక్కి నిలబడే స్పైడర్‌మ్యాన్ కామిక్ తెరిచాను. మనోడు మేడ మీంచి దూకాడు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటినా ఇంకా గాల్లోనే ఉన్నాడు. ఎందుకంటే కింద పడేలోగా ఆంట్ మే మందులు (పెదనాన్న భార్య కాబట్టి మన లెక్కలో పెద్దమ్మ), ఇంటద్దె, ప్రియురాలి అలక, విలన్ వేసుకున్న బట్టల మీద జోకు, ఇవన్నీ నువ్వు చెప్పించాలి కదా! మా జగదాంబ సెంటర్లో దెబ్బలాట చూశావా ఎప్పుడైనా? అరగంట సేపు "ఏటి? ఏటంటన్నావ్?" అనుకుంటారు. చెయ్యి లేచాక మాత్రం మాటుండదు.

తప్పంతా నీదే అనను. స్పైడర్‌మ్యాన్ కథలు రాసిన స్టాన్ లీ రోజుల్లో, ఆ కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీ పద్ధతే అంత, కథ పైపైన చెప్తే ఆర్టిస్టు బొమ్మలు గీసేసేవాడు, మాటలు తర్వాత నింపేవారు. అంటే ఇల్లు ఆర్టిస్టుది, నువ్వు అద్దెకు దిగినవాడివి. దిగి హాలంతా సామాను పరిచేసి ఓనర్ని బాల్కనీలోకి నెట్టావు. ఇక 1975 నుంచి 1991 దాకా క్రిస్ క్లేర్‌మాంట్ అనే రచయిత మార్వెల్ వాళ్ల ఎక్స్‌మెన్ కామిక్ రాసినన్నాళ్లూ నీకు పండగే, మనసులో మాటలు మోసే మీ చెల్లెలు మేఘాన్ని కూడా వెంటేసుకుని తిరిగావు.

ఇంత తిట్టాను గానీ అసలు గొడవ వేరే ఉంది. స్పైడర్‌మ్యాన్ కథనే మళ్లీ మొదట్నుంచి వేరేగా చెప్పిన సిరీస్ ఒకటుంది, అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్. దాని 13వ సంచిక 2001లో వచ్చింది. అందులో ఫైటింగే లేదు. పీటర్ తన గదిలో మేరీ జేన్‌కి "నేనే స్పైడర్‌మ్యాన్‌ని" అని చెప్తాడు, అంతే కథ. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త దూరంగా గట్టు మీద కూర్చుని, చేతిలో మురీ మిక్చర్ మెత్తబడిపోయేదాకా చదివాను. మా ఇంట్లో అలా ఎవరు మాట్లాడతారు? నాన్న "తిన్నావేటి" అంటారు, కోపమైనా ప్రేమైనా సారీ అయినా అదొక్కటే మాట. నా ఉద్యోగం పోయిన సంగతి మా ఆవిడకి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, అది కూడా తిరిగే ఫ్యాన్ వైపు చూస్తూ రెండు ముక్కల్లో.

అలా మాకు వాళ్లని దగ్గర చేసి ఏం చేశావు? పాత సిరీస్‌లోనేమో 1987లోనే పీటర్‌కీ మేరీ జేన్‌కీ పెళ్లి చేశారు. 2007లో, తూటా తగిలిన పెద్దమ్మని బతికించాలని మెఫిస్టో అనే సైతానుతో బేరం పెట్టించి ఆ పెళ్లే చెరిపేశారు. మా దగ్గర విడాకులంటే పెద్దమనుషులు కూర్చోవాలి, వాయిదాల మీద వాయిదాలు నడవాలి, మేనమామలు అలగాలి. అక్కడ ఒక్క ఒప్పందంతో అసలు పెళ్లి జరిగిన సంగతే లోకానికి గుర్తులేదు. ఇరవై ఏళ్లు వాళ్లిద్దరి నోటా నువ్వు పలికించినవన్నీ చదువుకున్న నాకు గుర్తున్నాయే, నేనెవరికి చెప్పుకోను? ఆ రోజు నీ నోరు ఏమైంది?

కాబట్టి గాల్లో ఉన్నవాణ్ణి వదిలెయ్. ఇంట్లో కూర్చున్నవాళ్లతో ఎంతసేపైనా మాట్లాడించు.

అన్నట్టు, మొన్న గాజువాకలో దిగాల్సినవాణ్ణి రెండు స్టాపులు దాటిపోయాను. ఆ దూకినవాడి వల్ల కాదు. తర్వాతి పేజీలో వాడూ వాళ్ల పెద్దమ్మా వంటింట్లో మాట్లాడుకుంటున్నారు. వెనక్కి ఆటోకి ముప్ఫై రూపాయలైంది, ఎప్పుడిస్తావు?

ఇట్లు,
గాజువాక నుంచి నీ పాఠకుడు